చావు లేని కణాలు

జన్యుశాస్త్ర విభాగంలో కణాలు పెంచే గది. రిటైరవ్వాల్సిన ప్రొఫెసర్, ఆమె దగ్గరే చదువుకుని అక్కడే లెక్చరరైన శిష్యురాలు నిలబడి మాట్లాడుకుంటున్నారు.

“మీలాంటి చేయి తిరిగిన మనిషి, కణాల సీసాలన్నిట్లో పొరపాటున బ్లీచ్ పోయడమేంటి మేడమ్?”

“చేయి తిరిగి తిరిగి అటు తిరిగిందమ్మా. పోనీలే, వాటి కాలం తీరిపోయింది.”

“పోనీలే ఏంటండీ! పెళ్లిళ్లూ పేరంటాలూ మానుకుని పసిపిల్లల్లా సాకారు. మీ చెల్లెలికి ఆపరేషనైనా కదల్లేదు.”

“కదలనిస్తేగా! ‘అవి మీ చేతిలో తప్ప బతకవు, అవి ఉన్నన్నాళ్లూ మీరూ ఉండాల్సిందే’ అని డీన్ గారు రెండుసార్లు నా రిటైర్మెంట్ ఆపారు. ఇప్పుడిక ఆయనకి ఏ వంకా లేదు. చెల్లెలి దగ్గరికి టికెట్ కూడా తీసేసుకున్నా.”

“క్యాన్సిల్ చేసేయండి మేడమ్! పోయినేడు మీకు చెప్పకుండా ఒక గొట్టంలో కొన్నిటిని ఫ్రీజర్లో దాచాను. నిన్న బయటికి తీశా. పొద్దున చూస్తే, ఒక్కోటీ రెండవుతోంది!”

“బతికాయా?”

“చావు లేని కణాలని మీరేగా పాఠం చెప్పారు! కాకపోతే నా చేతిలో రెండ్రోజులకి మించి నిలవవు. డీన్ గారికి చెప్పేశా. ఆయన సంతోషం చూడాలి!”

“ఎంత పని చేశావమ్మా!”

“అంత మాటెందుకు మేడమ్, మీ శిష్యురాలిని. ఇదిగో, గ్లవ్స్ వేసుకోండి. వాటికి ఆకలేస్తుంటుంది.”