ఆరిపోయే మానిటర్

శ్రీకాకుళంలో ఒక అద్దె ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే అప్పలస్వామి లాప్‌టాప్, దానికి తగిలించిన పెద్ద మానిటర్ ముందు కూర్చున్నాడు. గుమ్మంలో అతని భార్య కన్యాకుమారి.

"అదిగో, మళ్ళీ ఆరిపోనాది! నాను గుమ్మంలోకి వస్తే సాలు, ఆ పెద్ద మానిటర్ ఆరిపోతాదేటి బావా?"

"నిన్ను సూసి ఆరిపోదే కన్యా. ఈ లాప్‌టాప్‌లో తెర మీద బొమ్మ సూపించే గ్రాఫిక్స్ కార్డులు రెండున్నాయి. మానిటర్ వైరు రెండో కార్డుకి తగులుకునుంటాది. దీన్ని నడిపే లైనక్స్ ఏటి సేస్తాదంటే, బ్యాటరీ మిగులుతాదని ఆ రెండోదాన్ని నిద్రపుచ్చీస్తాది. అప్పుడు మానిటర్ కూడా..."

"నానొచ్చినప్పుడే నిద్దరొస్తాదా దానికి?"

"సెట్టింగు కుదరలేదని సెప్తన్నాను కదా."

"గంగులు కుదిరిందన్నాడు."

"ఏ గంగులు?"

"ఏ గంగులేటి? నీ కంప్యూటర్ బాగుసేసిన గంగులు. పొద్దున్న మార్కెట్లో కనబడితే అడిగినాను. 'మంగళవారమే సరిసేసి ఇచ్చీసినాను వదినా, ఇంకెప్పుడూ రెండో కార్డు మీదే నడుస్తాది, ఆరమన్నా ఆరదు' అన్నాడు."

"ఆడికేటి తెలుసు."

"సెయ్యి ముందుకెట్టు."

"ఏటే?"

"బల్ల ఎనకాల ఉన్న సెయ్యి. వైరు నువ్వే లాగీసినావు. సూసీసినాను."

"కన్యా, పనుంది నాకు. తరవాత..."

"మొన్న తలుపేసుకుని ఎవులితో మాట్లాడినావు?"

"ఎవులితోనూ లేదు."

"ఆడమనిషి గొంతు ఇన్నాను బావా. గబగబా, ఊపిరి తీసుకోకుండా మాట్లాడతంది. నువ్వు ఊ కూడా కొట్టలేదు. ఎవుర్తది? మీ కాలేజీదేనా?"

"అది మనిషి కాదే."

"మనిషి కాదంట! పిచ్చిదాన్లాగ కనబడతన్నానా నీకు?"

"అరవకు. పక్కింటోళ్ళు ఇంటారు."

"ఇననీ. ఆ వైరు ఇలగియ్యి, నానే పెడతాను."

"వద్దే. ఒగ్గీ. ఒగ్గీమంటన్నానా!"

"పెట్టీసినాను. వస్తంది... ఏటిది? ఒక్కో అచ్చరం నా అరిసెయ్యంత ఉంది! తెర నిండా నాలుగు ముక్కలే. 'రేపటి క్లాసు'... ఇది నీ పాఠమేనా?"

"నా పాఠమే."

"పాఠం సూసుకోడానికి ఇంత దొంగతనమేటి? అచ్చరాలు ఇంతింత ఎందుకు?"

"సిన్నవి కనబడవు."

"కళ్ళజోడు మార్పించుకో మరి."

"జోడుతో పోయీది కాదంట. కంటి మధ్యన మచ్చ. ఎటు సూస్తే అటే అడ్డొస్తంది. పక్కలు కనబడతాయి, ఎదురుగా ఉన్నదే కనబడదు. నువ్విన్న ఆడగొంతు ఈ లాప్‌టాప్‌దే. నాను సదవలేనివి అది సదివి పెడతాది."

"ఎన్నాళ్ళ బట్టి?"

"మార్చి నుంచి. ఇంక పెరగకుండా సూస్తానన్నాడు విశాఖ డాక్టరు. పోయింది మాత్రం రాదన్నాడు. కాలేజీలో తెలిస్తే తీసేస్తారని... నీకు సెప్తే ఏడుస్తావని..."

"ఇలగ సూడు. నా మొకం కనబడతందా?"

"సెవి పోగులు కనబడతన్నాయి. జడ కనబడతంది."

"బావా... మరి నిన్న ఎచ్చెర్ల మా అక్కోలింటికి బండి మీద ఎలగ తీసుకెళ్ళినావు? హైవే మీద?"

"ఎనకాల కూకుని నువ్వు అరుస్తానే ఉన్నావు కదే, లారీ వస్తంది, గొయ్యుంది, గేదెలడ్డొచ్చినాయని. అది ఇనుకునే నడిపీసినాను."