మీ తాత ఓడ మీద ఆగిన పూట

"సుగుణ అమ్మమ్మా, మా తాత ఆ ఓడ మీద ఉన్నప్పుడు మీరూ పక్కనే ఉన్నారంట కదా. మా నాన్నమ్మ పోయినప్పుడు అసలేం జరిగింది?"

గా ఫ్యాన్ జర తగ్గించు బిడ్డా, నీ మాట ఇనవడ్తలేదు. ఆఁ, గట్ల. కూసో.

మీ నాయన రవి ఏం జెప్పిండు నీకు? మీ తాత ఆఖరికి ఆమె ముఖం కూడ సూడనీకి రాలేదు, మిషిన్ కోసం ఓడ మీదనే ఉండిపోయిండు అని చెప్పుంటడు. నాకెర్కే. మీ తాత, మా ఓబులేసు సారు, మొన్న చలికాలం పోయినప్పుడు గూడ, రవి వచ్చిండు గని, అందర్ల ఒకనిలెక్క నిలవడ్డడు. నేను సూసిన. నువ్వప్పుడు పరీక్షలని రాలేదనుకుంట. కాదు, వచ్చినవ్, తెల్ల చున్నీ ఏసుకున్నవ్. ఈ నడుమ అన్నీ కలిసిపోతున్నయ్ నాకు.

మీ తాతది అనంతపురం దిక్కు ఊరు. తాగే నీళ్ళకే తిప్పలు. గసొంటి కాడ పుట్టినాయనకు సముద్రం పిచ్చి ఎట్ల వట్టిందో ఏమో. నాది భువనగిరి దగ్గర, ఎవుసం ఇల్లు. ముషీరాబాద్‌ల మా చిన్నమ్మోళ్ళింట్ల ఉండి యూనివర్సిటీల చదువుకున్న. చారాణా ఇస్తే బస్సు క్యాంపస్ గేటు కాడ దించేది. ఎమ్మెస్సీల మాకు పాఠం చెప్పనీకి వచ్చెటోడు మీ తాత. నౌకరీ ఈడనే తార్నాక పక్కకు, భూమి లోపటి సంగతులు సూసే ఆఫీసుల. సాయంత్రం క్లాసుకు సైకిల్ మీద వచ్చెటోడు, ప్యాంటుకు క్లిప్పు వెట్టుకోని.

ఆయన చెప్తుంటే ఇనాలె బిడ్డా. వెనుకట సముద్రం లోతు సూడాల్నంటే తాడుకు సీసం గుండు గట్టి ఇడిసెటోళ్ళంట. అది అడుగుకు వోవాలె, మళ్ళ గుంజాలె, ఒక్క జాగ సూసెటాల్లకు పొద్దు గూకేదంట. అటెన్క శబ్దం వచ్చింది. ఓడ కెళ్ళి శబ్దం చేస్తే అడుగుకు తగిలి వాపస్ వస్తది, ఎంత సేపటికి వచ్చిందో సూసి లోతు చెప్పుడు. గప్పటిదాంక అడుగు సాపుగ ఉంటదనుకున్నరంట అందరు. సూస్తే ఏందంటే, లోపట గుట్టలు, లోయలు, మన భూమ్మీద లేనంత పెద్దయి. ఇనుప గోళంల మనిషిని కూసోబెట్టి, తాడుకు యాలాడదీసి లోపటికి పంపిన్రంట. ఆ గోళం కిటికీల కెళ్ళి సూసినోళ్ళకు చీకట్ల మెరిసే చాపలు కనవడ్డయంట. గది చెప్తున్నప్పుడు మీ తాత గొంతు చిన్నగైతుండె. మేము పెన్నులు గూడ కదపకపోతుంటిమి.

నేను గదే ఆఫీసుల నౌకర్ల చేరిన. ఆడపిల్ల నేనొక్కదాన్నే ఆ సెక్షన్ల. ఓడ మీదికి పోవాల్నంటే ఆడోళ్ళకు రూమ్ లేదన్నరు. మీ తాత పెద్ద సారుతోని కొట్లాడిండు. "యంత్రం పలికేది ఇనేది ఆయమ్మే, ఆయమ్మి లేకుంటే నేనూ పోను" అన్నడు. గట్ల పోయిన నేను.

ఇగ ఆ యంత్రం. నువ్వు చదువుతున్నది గదే కాబట్టి నీకు తెల్సు, అయినా చెప్త. మందపు అద్దం గోళం. లోపట భూమి అదురును రాసుకునే మిషిన్. కింద ఇనుప బరువు. నడుమల ఒక కొక్కెం. సముద్రంల ఇడిస్తే బరువుకు అడుగుకు వోయి కూసుంటది. కొన్ని నెలలైనంక ఓడ వచ్చి పై కెళ్ళి ఒక శబ్దం పంపాలె. అది ఇనవడితే గోళం బదులిస్తది, కొక్కెం ఇడుస్తది, బరువు కిందనే ఉంటది, గోళం తేలుకుంట పైకొస్తది. బయటి దేశాలల్ల అప్పటికే ఉండె. మనకాడ మీ తాత తన చేతులతోని చేసిండు. ఎన్నేండ్లు వట్టిందో. ఆదివారాలు గూడ ఆఫీసే. మీ నాన్నమ్మ వెంకటలక్ష్మక్క టిఫిన్ డబ్బా వట్టుకోని రవిని తోలుకోని వచ్చేది. నాకు గూడ పెట్టేది. ఉగ్గాని, గదే మరమరాల ఉప్మా, ఆమె చేతిదే చేతిది. ఒకసారి నాతోని అన్నది, "ఈయన సముద్రానికి పోయినా ఒగటే, తార్నాకలో ఉన్నా ఒగటే సుగుణా" అని. నవ్వుకుంటనే అన్నది.

బంగాళాఖాతంల ఇడిసినం దాన్ని. వానకాలం దాటినంక తీస్కరానికి పోయినం. విశాఖపట్నంల ఓడ ఎక్కి, ఆ జాగకు చేరి, శబ్దం పంపినం. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నది నేనే. జరసేపు ఏం లేదు. అటెన్క ఇనవడ్డది, టక్, టక్ అని. గంత లోతు కెళ్ళి. సారుకు ఇచ్చిన హెడ్‌ఫోన్. ఆయన ఇన్నడు. తుండుగుడ్డతోని ముఖం తుడ్సుకున్నడు.

బదులైతే ఇచ్చింది గని పైకి రాలే.

మళ్ళ పంపినం. మళ్ళ బదులిచ్చింది. అందరం ఓడ అంచుకు నిలవడి నీళ్ళ దిక్కు సూసుడే. కొక్కెం ఇడిసిందో లేదో, ఇడిసినా బురద వట్టుకున్నదో, ఇయ్యాళ్టికి గూడ ఎవ్వలికి తెల్వది. తెల్లారి గూడ గదే సంగతి.

గా తెల్లారి పొద్దుగాలనే వైర్‌లెస్‌ల వార్త వచ్చింది. మీ నాన్నమ్మకు జ్వరం మెదడుకు ఎక్కింది, నల్లకుంటల నర్సింగ్ హోంల ఉన్నది, సీరియస్, జల్ది రమ్మని. కెప్టెన్ మంచోడు, మలయాళీ. ఆయననే వచ్చి సారుతోని చెప్పిండు. "ఇప్పుడే మళ్ళుదాం. రేపు మధ్యాహ్నం వరకు రేవుకు చేరుతం, మీకు బండి దొరుకుతది" అన్నడు. నేను పక్కకే ఉన్న, నా చెవులతోని ఇన్న.

అబద్ధం చెప్పను బిడ్డా. మీ తాత అన్నడు, "సాయంత్రం దాంకా ఉందాము" అని.

నేనన్న, "సార్, అక్కకు మంచిగ లేదంటున్నరు. పోదాం సార్" అని. ఆయన నా దిక్కు సూడలే. "ఇంగొక్కసారి పంపు సుగుణా" అన్నడు. పంపిన. టక్, టక్. పగలంత గదే. అన్నం గూడ ముట్టలే ఆయన. పొద్దు గూకేటప్పుడు కెప్టెన్ వచ్చి ఏం అడగలే, ఓడను మళ్ళేసిండు. మేము పోతుంటే గూడ కొంత దూరం దాంక అది బదులిస్తనే ఉండె. నేనే హెడ్‌ఫోన్ తీసి పక్కకు వెట్టిన.

రేవుకు వోయెటాల్లకు బండి ఎల్లిపోయింది. ట్రంక్ కాల్ చేస్తే అప్పటికే పానం వోయిందన్నరు. పీనుగను ఉంచినం, నీ కోసం సూస్తున్నం జల్ది రా అన్నరు. కాలంగాని వానలకు తొవ్వలు తెగినయి, బస్సులు లేవు. తెల్లారి బండి ఎక్కి వచ్చినం. మేం సికింద్రాబాద్‌ల దిగేటాల్లకు... ముందు రోజు సాయంత్రమే తీస్కపోయిన్రు. ఎంత సేపని ఉంచుతరు. అంబర్‌పేట శ్మశానంల రవితోని నిప్పు పెట్టించిన్రు. బడికి వోయే పోరడు. మేం ఇంటికి వోతే గుండు గీయించుకోని అరుగు మీద కూసున్నడు. సారు దగ్గరికి వోయి తల మీద చెయ్యి పెట్టబోతే, వాడు లేసి లోపటికి వోయిండు. అంతే. ఏడ్వలేదు, తిట్టలేదు. అటెన్క వాని అమ్మమ్మోళ్ళు వాణ్ణి తాడిపత్రి తోలుకపోయిన్రు, ఆడనే చదివిండు.

నువ్వు అడగకున్నా చెప్త. ఆ సాయంత్రం దాంక ఆగకుంటే, ఆ మధ్యాహ్నం బండి దొరుకుతుండె. పానంతోనైతే చూడకపోతుండె. ముఖమైతే చూస్తుండె. నేను ఎన్నిసార్లు లెక్కేసుకున్ననో. మీ నాయన అనుకునేది నిజమే.

మళ్ళ ఆయన యంత్రం చెయ్యలే. చెయ్యమంటే చెయ్యలే. బయటి దేశం కెళ్ళి కొనుక్కొచ్చిన్రు, కొత్త పోరగాండ్లు దాన్ని ఏసుకోని పోతుండిరి. సారు ఆఫీసుకు వచ్చి కుర్సీల కూసోని పోతుండె. రిటైరైనంక ఈ తార్నాకలనే ఒక్కడు, నేను గూడ ఈడనే కాబట్టి పొద్దుగాల క్యాంపస్‌ల నడుస్తుంటిమి, ఆర్ట్స్ కాలేజీ ముందలికెళ్ళి. ముచ్చటంత మోకాళ్ళ నొప్పులు, పాల ప్యాకెట్లు. ఓడ ముచ్చట మా నడుమ రాకపోతుండె.

ఒక్క పాలి వచ్చింది. మనోళ్ళే మనుషులను గోళంల కూసోబెట్టి సముద్రం అడుగుకు పంపుతరని పేపర్ల వచ్చింది సూడు, గప్పుడు. ఆయన బెంచీ మీద కూసోని అది చదివి, పేపర్ మలిచి పక్కకు వెట్టిండు. నేనడిగిన ఇగ. అన్నేండ్లు కడుపుల వెట్టుకున్నది. "ఆ దినం ఏం తలుసుకోని ఆగిన్రు సార్" అన్న.

చెట్ల దిక్కు సూసుకుంట అన్నడు గదా, "అది పలుకుతాండె సుగుణా. పలుకుతాంటే యెట్ల ఇడ్సిపెట్టేది అనుకుంటి. ఆయమ్మి యాడికి పోతాది, ఇంటికాడే ఉంటాది గదా అనుకుంటి."

లేసి నడ్సినం.

గిదే బిడ్డా జరిగింది. ఇది మీ నాయనకు చెప్తవో, చెప్పవో, నీ ఇష్టం. చెప్తే వాని గుండె తేలికైతదో, ఇంక బరువైతదో నాకు తెల్వది. నన్ను వాడు ఎన్నడు అడగలే. అడిగితే చెప్పేదాన్నే.

నీ ఓడ ఎప్పుడు? వచ్చే నెలనా? మీ నాయన ఒప్పుకున్నడా మరి... ఒప్పుకోలేదు, అయినా ఆపలేదా. మంచిది. గట్లనే ఉంటడు వాడు. పోయిరా. నీ యంత్రాలు మంచిగ పైకి రావాలె, నువ్వు సల్లగ తిరిగి రావాలె. అల్లం ముక్క పెట్టుకో, కడుపుల తిప్పుతది మొదట్ల. ఇప్పుడు ఓడ మీద కెళ్ళి గూడ ఫోన్ కలుస్తదంటరు గదా. రోజు చెయ్యి మీ నాయనకు. వాడు ఏం మాట్లాడకున్నా సరే, చెయ్యి. పని నడుమల ఉన్నా సరే...