ఉత్తరపు చేలో పాతర

హలో… ఆ, నేనేరా. ఈ ఇంట్లో ఫోనెత్తడానికి నేను కాక ఇంకెవరున్నారు?

… ఆ, పడింది. మధ్యాహ్నం నుంచీ పడుతూనే ఉంది. మెట్ల మీద బెత్తెడు పేరుకుంది.

… తెలుసులే. టీవీలో మా వైపు మంచు అనగానే నువ్వు ఫోన్ చేస్తావని తెలుసు. నా పుట్టినరోజుకి చెయ్యవు. క్రిస్మస్‌కి చెయ్యవు. తొలి మంచు పడిన సాయంత్రం మాత్రం తప్పవు. మంచు పడని చోటు వెతుక్కుని అరిజోనా పోయావు గానీ, ఎల్డన్… అది నిన్ను వదల్లేదు కదరా.

… సంతకమా? ఇంకా పెట్టలేదు. పొలం అమ్మకం కాగితాలు ఇక్కడే బల్ల మీదున్నాయి. కాళ్ళొచ్చి పారిపోవులే.

… రేపొస్తాడా ఆ ఏజెంటు? రానీ. కాఫీ ఇస్తాను.

… అరవకు. అక్కనిరా నేను, నీ ఆఫీసులో గుమాస్తాని కాను. పెట్టనన్నానా? పెట్టలేదన్నాను.

… అది సరే. నువ్వు ఫోన్ చేసింది సంతకం కోసం కాదుగా. అడుగు. ఏటా అడిగేదే అడుగు.

… ఆ. ఉత్తరం వైపు కిటికీ. కర్టెన్లు.

వెయ్యలేదు.

… వెయ్యలేదంటున్నా. బార్లా తెరిచే ఉన్నాయి. వంటింట్లో దీపం కూడా వెలుగుతోంది.

… ఎల్డన్… ఎల్డన్, ముందు కూర్చో. మీ ఆవిడ జోన్ పక్కన లేదా? … సరే, నువ్వే లేచి నీళ్ళు తాగు. నేనెక్కడికీ పోను.

… తాగావా?

… మతి పోలేదురా నాకు. డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి. ఊహ తెలిసినప్పట్నుంచీ ఏటా ఈ ఒక్క సాయంత్రం ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. ఇదే ఆఖరు కదా. నేను సంతకం పెడితే వసంతానికి ఆ చేలో యంత్రాలు దిగుతాయి. ఇళ్ళు లేస్తాయి. పాతర ఉండదు, బుట్ట ఉండదు. ఒక్కసారి… ఏమొస్తుందో ఒక్కసారి చూసి పోదామనిపించింది.

… పెట్టాను. బుట్ట పెట్టకుండా ఉంటానా? అక్టోబర్లోనే పెట్టాను. మోకాళ్ళు వంగవు, అయినా దిగాను. అమ్మ వేసే నాలుగు సాళ్ళూ వేశాను ఈ ఏడు కూడా. ఆ గట్టి మొక్కజొన్నే. ఆవులు కూడా నమలలేవని నాన్న తిట్టేవాడు చూడు, అదే. పొత్తులు ఎండబెట్టి, గుంటలో గడ్డి పరిచి, బుట్ట దింపి, పైన చెక్క, చెక్క మీద మట్టి. నాయనమ్మ చేసినట్టే.

… ఖాళీ. కిందటేడు పెట్టింది ఎప్పటిలాగే ఖాళీ. బుట్ట బోర్లించి ఉంది. శుభ్రంగా కడిగి.

… ఎలుకలు బుట్ట కడిగి బోర్లిస్తాయిట్రా? చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు.

… నాకూ గుర్తుంది. తాత ఆ పెద్ద కుర్చీలో కూర్చుని చెప్పడం. మన మొదటివాడు, జాబెజ్ టిల్సన్. ఓడ దిగి, నది పట్టుకుని పైకొచ్చి, చలికాలం మొదట్లో ఈ చేలో అడుగు పెట్టాడు. తినడానికి గింజ లేదు. నడుస్తుంటే కాలు దిగబడింది. కింద పాతర. దాని నిండా మొక్కజొన్న. "దేవుడు ముందే సర్ది పెట్టాడు" అనేవాడు తాత, ఆ మాట దగ్గర గొంతు పెద్దది చేసి.

… అవునవును! దేవుడు పారెక్కడ కొన్నాడు తాతా అని నువ్వే అడిగావు. చెంప ఛెళ్ళుమంది. రెండ్రోజులు వాచింది.

… ఆ తర్వాత మెహిటబెల్ కథ. జాబెజ్ పెళ్ళాం. ఆ మొక్కజొన్న తినే తను బతికింది, పిల్లల్ని బతికించుకుంది. తొలి మంచు పడిన సాయంత్రం ఎవరో ఆ చేలో తవ్వుతున్న చప్పుడు విందట. చేతుల్తో. ఎవరో ఆడమనిషి. తవ్వి తవ్వి, అడుగున ఏమీ లేక, అక్కడే కూలబడిపోయిందట. మెహిటబెల్ తలుపు దగ్గరికి పోతే జాబెజ్ అడ్డం నిలబడ్డాడు. కిటికీ చెక్కలు మూసెయ్యమన్నాడు. తెల్లారి చూస్తే ఎవరూ లేరు. అడుగులు మాత్రం అడివిలోకి.

… ఆ మరుసటేటి నుంచీ మెహిటబెల్ బుట్ట పెట్టింది. అవును.

… అదేరా నేనూ అనేది. దొంగతనం అన్న మాట ఈ ఇంట్లో ఏనాడైనా విన్నామా? "ఆవిడకి పెట్టాలి" అనేవాళ్ళు. ఆవిడంటే దయ్యం. పెట్టాలి, చూడకూడదు. చూస్తే ఇంట్లో పిల్ల పోతుంది. అంతే, ఇంకో మాట లేదు. తాత మనందర్నీ వరసగా నిలబెట్టి కీర్తనలు పాడించేవాడు గుర్తుందా… గొంతులు చిరిగేలా. భక్తి అనుకునేదాన్ని. ఆ తవ్వే చప్పుడు చెవిన పడకూడదని.

… కట్టుకథలంటావా?

… నువ్వు చూశావు. నాకు తెలుసురా.

… నాకు చెప్పలేదు. అమ్మకి చెప్పావు, జ్వరంతో పడుకుని. పక్క మంచం మీద నేను మేలుకునే ఉన్నాను. ఎనిమిదేళ్ళవాడివి. పాట మధ్యలో కర్టెన్ సందులోంచి చూశావు. మంచులో ముసలావిడ, పక్కన చిన్న పిల్ల. ఆ పిల్ల చెయ్యెత్తి నిన్ను రమ్మని పిలిచిందన్నావు.

… అవును. ఆ చలికాలమే మన చెల్లి రూత్ పోయింది.

… ఒరేయ్, విను. నీకొచ్చిన జ్వరమే దానికీ వచ్చింది. నువ్వు తట్టుకున్నావు, చిన్నది తట్టుకోలేకపోయింది. ఆ ఏడు ఊళ్ళో ఇంకో ముగ్గురు పిల్లలు పోయారు. వాళ్ళిళ్ళల్లో ఎవరు కర్టెన్ తీశారు? ఎవరూ తియ్యలేదు. నీ వల్ల కాదురా. అప్పుడే చెప్పాల్సింది నీకు ఎవరో ఒకరు. ఎవరూ చెప్పలేదు.

… ఏడువు. ఫరవాలేదు, ఏడువు. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు. ఇంకా చెప్పాల్సింది ఉంది.

… చూశాను. ఇందాకే, చీకటి పడే వేళకి.

… వచ్చింది.

… చెబుతాను, తొందర పెట్టకు. మొదట అడివి అంచున చిన్న వెలుగు. కదులుతూ. కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ఆ మంచులో మనిషి… వంగి నడుస్తూ… సరిగ్గా పాతర దగ్గరికి. వెతుక్కోలేదు, తడుముకోలేదు. పుట్టింటికి వచ్చినట్టు వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుంది. తవ్వడం మొదలుపెట్టింది. కిటికీ రెక్క కాస్త ఎత్తాను. విన్నాను ఆ చప్పుడు. పాట అడ్డం లేకుండా, మొదటిసారి.

… దయ్యమైతే దగ్గదు కదరా.

… దగ్గింది అంటున్నా! రొంప పట్టిన దగ్గు. దగ్గి, ముక్కు చీదుకుని, మళ్ళీ తవ్వింది.

… కోటు తగిలించుకుని వెళ్ళాను. ఒంటరిగానే.

… నాన్న తుపాకీ ఎందుకురా? నన్ను చూసి ఆవిడే బెదిరింది. చేతిలో టార్చి జారిపోయింది. నేనే తీసి ఇచ్చాను. ఆ వెలుగులో మొహం చూశాను.

ఎల్డన్… వర్నా రా.

… వర్నా! అమ్మ ఆఖరి రోజుల్లో ఇంటికొచ్చి చూసుకున్న నర్సు. రోజూ అమ్మకి తల దువ్వి జడ వేసేది చూడు, ఆవిడ. అమ్మ పోయిన రోజు ఆపిల్ పళ్ళతో 'పై' చేసి తెచ్చింది. నువ్వు రెండు ముక్కలు తిన్నావు.

… ఆవిడే. ఒట్టు.

… ఎందుకేంటి? ఆ పాతర వాళ్ళదిరా, మన ఓడలు రాక ముందు నుంచీ ఈ లోయలో ఉన్న జనానిది. వాళ్ళ ముత్తవ్వల ముత్తవ్వలు తవ్వుకున్నది. మనవాడు కాలు పెట్టక ముందు ఇది దున్నని అడివేం కాదు. వాళ్ళ చేను.

… పోయారనే మనం చెప్పుకున్నాం. ఊరి నడుమ రాయి మీద కూడా చెక్కించుకున్నాం కదా, ఈ లోయలో వాళ్ళ జనంలో ఆఖరావిడ ఫలానా అని, పేరూ ఏడూ వేసి. వర్నా ముప్పై ఏళ్ళు ఆ రాయి ముందు నుంచే కారు తోలుకుంటూ డ్యూటీకి పోయింది. "ఆ ఆఖరావిడకి ఆరుగురు పిల్లలు, ప్రూ" అంది నాతో. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

… మొదట్నుంచీ వాళ్ళే. ఒక్క ఏడూ మానలేదట. తల్లి తర్వాత కూతురు, కూతురి తర్వాత మనవరాలు. మనింట్లో పెట్టడం ఎలా నేర్పారో, వాళ్ళింట్లో తీసుకుపోవడం అలా నేర్పారు. మనం ఇటు గోడకి మొహం పెట్టి పాడుతుంటే, వాళ్ళు అటు మంచులో మోకాళ్ళ మీద. మన కీర్తనలన్నీ వచ్చట వర్నాకి. "మీ తాత పైస్థాయిలో తప్పు పాడేవాడు" అంది. నిజమే కదరా!

… ఆకలికి కాదు. నేనూ అదే అడిగాను. విత్తనం. అది వాళ్ళ విత్తనమేనట. మనం పెట్టిందాన్ని వసంతంలో వేసుకుంటారు. ఇన్నాళ్ళూ దయ్యానికి అన్నం పెడుతున్నామనుకున్నాం మనం. వాళ్ళ అమ్మమ్మ చెప్పేదట: "ఆ ఇంట్లో ఒకావిడకి సిగ్గు మిగిలింది. అది ఉన్నన్నాళ్ళూ మనం వెళ్ళి తెచ్చుకోవాలి. వెళ్ళకపోతే, అంతా ఇచ్చేశాం అనుకుని మర్చిపోతారు" అని.

… అమ్మకేం తెలుసు? అమ్మ ఈ దయ్యం కథ వర్నాకే చెప్పింది, ఈ వంటింట్లోనే. నేను పక్కనే ఉన్నాను. "ఏటా వచ్చి పట్టుకుపోతుంది పాపం" అంది అమ్మ. వర్నా అమ్మ శాలువా సర్దింది. అప్పుడే ఎందుకు చెప్పలేదని ఇవాళ అడిగాను. "మీకు దయ్యమైతేనే బావుందనిపించింది" అంది.

… కోపం తెచ్చుకోకు. నిజమే కదా. దయ్యానికైతే ఒక బుట్ట చాలు. మనిషైతే లోపలికి పిలవాలి, కుర్చీ వెయ్యాలి, పేరడగాలి.

… లేదు. పొలం గురించి ఒక్క ముక్క అనలేదు. అమ్మేస్తున్నామని నేనే చెప్పాను. బుట్ట ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత ఒక్కటే అడిగింది. "వచ్చే ఏడు మేం ఎక్కడికి రావాలి?" అని.

… ఏం చెప్పను?



… గొంతు తగ్గించు కాస్త. ఎందుకేంటి, ఆవిడ ఎదురుగానే కూర్చుంది. అమ్మ కుర్చీలో. తడిసి ముద్దయింది, నేనే లోపలికి తీసుకొచ్చాను. కాఫీ ఇచ్చాను. తొలి మంచు సాయంత్రం వాళ్ళలో ఒకరు ఈ గడప దాటడం ఇదే మొదలు.

… వింది, నా మాటలన్నీ వింది. నీ అరుపులు కూడా వినే ఉంటుంది. విననీ.

… ఉండరా, ఆవిడేదో అంటోంది. ఏంటి వర్నా? … ఏం స్వెట్టరు? … ఎర్రదా?

… ఎల్డన్, ఆ రోజు నువ్వు ఎర్ర స్వెట్టరు వేసుకున్నావా? నాయనమ్మ అల్లింది?

… మోచేతి దగ్గర నీలం అతుకు. అవును, అదే అంటోంది.

… ఒరేయ్… ఆ పిల్ల. నువ్వు చూసిన పిల్ల.

… అవును. ఈవిడే. ఇప్పుడే, నీతో నేననే మాటలు విని పోల్చుకుంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఉండు, చెబుతోంది.

ఆరేళ్ళట అప్పుడు. వాళ్ళ అమ్మమ్మ కొంగు పట్టుకుని… అదే, కోటు పట్టుకుని మొదటిసారి వచ్చిందట. చలికి ఏడుపొస్తోందట. అప్పుడు కిటికీలో ఒక పిల్లాడు కనపడ్డాడట, పాట మధ్యలో నోరు తెరుచుకుని. ఈ ఇంట్లోంచి మన వైపు చూసిన మొదటి మనిషి వీడేనే అందట వాళ్ళ అమ్మమ్మ. అందుకని చెయ్యెత్తి ఊపిందట. పిలవలేదురా. ఊపింది. పిల్లలు ఊపుతారు చూడు, అలాగ.

… నువ్వు కర్టెన్ వదిలేశావట. మళ్ళీ కనపడతాడేమోనని ఏటా తవ్వే ముందు ఓసారి కిటికీ వంక చూసేదట. ఇవాళ కూడా చూశానంటోంది. నేను కనపడ్డానట.

… నాకు చెప్పకు. ఆవిడకే చెప్పు. రూత్ సంగతి చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు. వచ్చే ఏడు ఎక్కడికి రావాలో మాత్రం నువ్వే చెప్పాలి. నువ్వేం చెబితే ఈ కాగితాలతో నేనదే చేస్తాను. మళ్ళీ మాట మార్చను.

… ఏం చెయ్యదురా. చెయ్యి చాపింది, అంతే.

ఇదిగో వర్నా, తీసుకో. మా తమ్ముడే… లైన్ పోయిందనుకోకు, వింటున్నాడు.