గ్లిజరినక్క పట్టుకున్న చెయ్యి

గ్లిజరినక్కకి అరవై రెండేళ్లు. ఎక్కడ కూర్చున్నా ఎడమ చెవి గోడవైపు పెట్టుకుని కూర్చుంటుంది.

ఇరవై రెండేళ్లు టీవీ సీరియళ్లలో ఏడ్చినందుకు ఆ పేరొచ్చింది. ఆ తర్వాత పన్నెండేళ్లు డైరెక్టర్‌గా ఇంకొకళ్లని ఏడిపించింది కానీ పేరు మారలేదు. మగవాడు అరకొరగా ఒక్క సీరియల్ తీస్తే చచ్చేదాకా డైరెక్టర్ గారే. ఆడది ఆరు తీసినా అక్క దగ్గరే ఆగిపోతుంది. ఇప్పుడావిడది బామ్మ వేషం. మంచం మీద పడుకుని దగ్గడం, మనవణ్ణి పిలవడం, మళ్లీ దగ్గడం.

ఆ రోజు భోజనాల వేళ ఆడవాళ్ల మేకప్ గదిలో నలుగురున్నారు. చిన్నకోడలు వేషం వేసే అమ్మాయి తన డబ్బా మూత కూడా తియ్యలేదు. భోజనాలయ్యాక తీసే సీన్లో భర్త వేషం వేసేవాడు ఆమెని చెంప మీద కొట్టాలి. "నిజంగానే కొట్టు, అప్పుడే ఫీల్ వస్తుంది" అని డైరెక్టర్ పొద్దున్నే అందరి ముందూ చెప్పేశాడు. ఆమెకిది మొదటి సీరియల్. కాదంటే రెండోది ఉండదు. ఆ మాట ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు.

"తినవే పిల్లా" అంది గ్లిజరినక్క. "చెంపదెబ్బ కూడా ఒక విషయమా? నా సంగతి చెప్తా విను. అటు కాదు, ఈ కుడిపక్కకి రా."

అద్దం ముందు విగ్గు దువ్వుతున్న పిన్నుల పిన్ని నోట్లోంచి రెండు పిన్నులు తీసింది. "అయిపోయింది. ఇవాళ మన చెవుల్లో పువ్వులే" అంది.

మూల స్టూలు మీద సీన్ కాగితాలు సర్దుకుంటున్న, అందరూ వదిన అని పిలిచే ఆవిడ తలెత్తలేదు. కెమెరా పక్కన నిలబడి నటులకి డైలాగులు అందించడం ఆవిడ పని. ఇన్నేళ్లలో గ్లిజరినక్క తెరమీద పలికిన ప్రతి మాటా ముందు వదిన నోట్లోంచి వచ్చిందే.

"నేను మొదట్లో ట్రే మోసేదాన్ని. హాల్లో పెద్దవాళ్లు గొడవపడుతుంటే కాఫీ ట్రే పట్టుకుని రావాలి, పెట్టాలి, పోవాలి. డైలాగ్ లేదు. కానీ నేను ఊరికే పెడతానా? ఒక చూపు చూసి పెట్టేదాన్ని. నలభై ఎపిసోడ్లయ్యేసరికి ఉత్తరాలు మొదలయ్యాయి. ఆస్తి ఎవరికి పోతే మాకేం, ఆ ట్రే అమ్మాయి మనసులో ఏముందో చెప్పండి అని. సంచులకి సంచులు. పోస్ట్‌మాన్‌కి నడుం పట్టేసి సెలవు పెట్టాడు."

"పాపం, ఇప్పుడెలా ఉందో ఆయన నడుం" అంది పిన్ని.

"నవ్వు, నవ్వు. సరే, డైలాగ్ ఇచ్చారు, తర్వాత ఏడుపులిచ్చారు. కంట్లో గ్లిజరిన్ చుక్క వెయ్యడానికి వస్తే పక్కకి పెట్టమన్నాను. మన ఏడుపు మన దగ్గర బోలెడుంది, కొనుక్కోవడమేంటి? మొదలెట్టా. ముందు కర్చీఫ్ తడిసింది, తర్వాత దిండు తడిసింది, తర్వాత కెమెరా అతను బూట్లు విప్పి చంకలో పెట్టుకున్నాడు. కట్, కట్ అని అరుస్తున్నారు. ఏడుపుకి కట్ ఏంటి? సెట్‌లో వేసిన చెక్క మెట్లు మూడు మునిగాయి. పక్క ఫ్లోర్‌లో ఏదో నౌక సీను తియ్యాలట, నీళ్లకి ఖర్చెందుకని వాళ్లు ఇటే వచ్చి తీసుకుపోయారు."

ఆ అమ్మాయి పెదవి కొస కాస్త కదిలింది. అది చూసి గ్లిజరినక్కకి ఊపొచ్చింది.

"ఇంక చెంపదెబ్బ సంగతి. అప్పటికి నేను హీరోయిన్ని. డైరెక్టర్ పెద్దాయన, ఆయన పేరు చెప్తే కెమెరా ట్రాలీ చక్రాలు కూడా కిర్రుమనేవి కావు. హీరో భుజాలు తలుపంత. నిజంగానే కొట్టు అన్నాడు పెద్దాయన. హీరో చెయ్యెత్తాడు. అది వస్తోంది, గాలి చప్పుడు నాకు వినపడుతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పట్టుకున్నా! ఇదిగో, ఇలా మణికట్టు దగ్గర. సోమవారం పట్టుకున్న చెయ్యి శుక్రవారం వదిలా."

"అయిదు రోజులా!" అంది అమ్మాయి.

"సీరియల్ కదే, అన్నీ నిదానంగా జరగాలి."

"మరి ఆయన ఇంటికి వెళ్లలేదా?"

"ఎలా వెళ్తాడు? చెయ్యి నా దగ్గరుంది కదా! ఎడంచేత్తో పళ్లు తోముకున్నాడు, నుంచునే నిద్రపోయాడు. మంగళవారం వాళ్లావిడ క్యారియర్ తెచ్చి ముద్దలు కలిపి పెట్టింది. పోతూ పోతూ నా చెవిలో ఏమందనుకున్నావు? అక్కా, తొందరేం లేదు, మెల్లిగానే వదులు, ఇల్లు ప్రశాంతంగా ఉంది అంది."

పిన్ని పకాలున నవ్వింది. నోట్లో మిగిలిన పిన్నులు నేలమీద రాలాయి.

"పెద్దాయన అరిచి అరిచి గొంతు పోయి మైకు పడేసి బల్ల కిందికి దూరాడు. అప్పుడు ఆయన కుర్చీ ఉందే, మడత కుర్చీ, వెనక డైరెక్టర్ అని రాసుంటుంది, అది టకటకా నాలుగు కాళ్లమీద నడుచుకుంటూ నా వెనక్కొచ్చి నిలబడింది. కూర్చోమన్నట్టు. కూర్చున్నా. హీరో చెయ్యి ఇటు, మైకు అటు. యాక్షన్ అన్నాను. ఒక్క మా ఫ్లోరేనా? ఫ్రిజ్ ప్రకటన తీస్తున్నవాళ్లు డోరు తెరిచి లోపల చూసి బావురుమన్నారు. అయిదో అంతస్తులో వార్తలు చదివే ఆయన వాతావరణం చదువుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. బయట వాన పడుతోంది. కట్ అన్నాను. ఆగిపోయింది!"

"వానా?"

"వానే. సగంలో. చినుకులు గాల్లో నిలబడ్డాయి, కావాలంటే డ్రైవర్లని అడుగు. ఇంకా అసలుది వినలేదు నువ్వు. ఆ ఎపిసోడ్ సాయంత్రం ఏడున్నరకి వేశారు. నేను చెయ్యి పట్టుకున్న షాట్ పడగానే, ఊళ్లో ఏయే ఇళ్లలో పెళ్లాం మీదికి చెయ్యి లేచిందో, ఆ చెయ్యి అక్కడే, గాల్లోనే, కొయ్యబారిపోయింది. దించలేరు, కొట్టలేరు. మర్నాడు ఆఫీసులకి అలాగే వెళ్లారు, ఒక చెయ్యి పైకెత్తుకుని. బస్సుల్లో పట్టుకోవడానికి కడ్డీలు చాల్లేదు. అప్పుడు చానల్ వాళ్లు పరుగెత్తుకొచ్చి, అమ్మా తల్లీ, ఇంక నువ్వే డైరెక్టర్‌వి, ఆ చేతులు దించమని చెప్పు అన్నారు. అదీ సంగతి. అలా అయ్యాను డైరెక్టర్ని."

పిన్ని చప్పట్లు కొట్టింది. గ్లిజరినక్క గ్లాసెత్తి మంచినీళ్లు తాగింది.

అమ్మాయి నవ్వలేదు. డబ్బా పక్కన పెట్టి లేచింది.

"మీరు కాబట్టి పట్టుకున్నారక్కా" అంది. "నాకంత దమ్ము లేదు. తలొంచుకుని ఒక దెబ్బ తినేస్తే అయిపోతుంది."

గ్లిజరినక్క గ్లాసు బల్లమీద పెట్టబోయి ఆగింది. ఆవిడ నోరు ఎప్పుడూ ఊరుకోదు. అలాంటిది మాట రాలేదు.

మాట మర్చిపోయినప్పుడు అందించేది వదినే కదా. అందించింది.

"పట్టుకోలేదు" అంది.

"వదినా..."

"పట్టుకోలేదమ్మా ఈవిడ. పదకొండు టేకులు. పదకొండు దెబ్బలూ తింది. కెమెరా పక్కన నేనే ఉన్నాను. ఒకసారి లైటు నీడ పడిందన్నారు, ఒకసారి హీరో నవ్వాడు, మూడుసార్లు ఫీల్ రాలేదన్నారు. నేను ప్రతిసారీ డైలాగ్ అందిస్తూనే ఉన్నాను. పదకొండోసారి అందించింది ఈవిడకి వినపడలేదు. 'ఏంటి?' అంది నావైపు చూసి. నన్నే అడిగింది. పెద్దాయన లేచి చప్పట్లు కొట్టాడు. ఆ 'ఏంటి' అద్భుతంగా వచ్చింది, అదే ఓకే అన్నాడు."

అమ్మాయి గోడవైపున్న ఆ ఎడమ చెవిని చూసింది.

"మర్నాడు ఏం చేశారు?" అంది.

"ఏడింటికల్లా వచ్చి మేకప్‌కి కూర్చున్నా" అంది గ్లిజరినక్క. గొంతులో కోతలు లేవు. "ఏం చేస్తాననుకున్నావు? చెంప కమిలిందని రెండు పూతలు ఎక్కువేశారు. నోరెత్తలేదు నేను. పదకొండు సార్లలో ఒక్కసారి వద్దు అనాల్సింది. ఒక్క మాట. దానికి దమ్మెందుకు, నాలుకుంటే చాలు. ఆ ఒక్క మాట అనలేదన్న కచ్చతోనే ఇన్ని మాటలంటున్నాను ఇన్నేళ్లూ."

"మరి డైరెక్టర్ ఎలా..."

"నా షాట్ అయ్యాక గదికి పోవడం మానేశా. కెమెరా వెనకాల నుంచునేదాన్ని. ఇది ఇక్కడెందుకు పెట్టారు, అక్కడెందుకు పెట్టలేదు అని అడిగేదాన్ని. నవ్వేవాళ్లు. పోయి పడుకోమ్మా, మొహం వాడిపోతుంది అనేవాళ్లు. నాలుగేళ్లు నుంచున్నా. కెమెరాని కొట్టేవాడి భుజం వెనక పెడితే, చెయ్యి చెంపకి జానెడు దూరంలో పోయినా తగిలినట్టే కనపడుతుంది. దెబ్బ తినే మనిషి మెడ తిప్పాలి, అంతే. చప్పుడు తర్వాత కలుపుకోవచ్చు. ఇంత తేలిక. ఆ పెద్దాయనకి తెలియక కాదు. తెలుసు. తెలిసే కొట్టించాడు. అందుకే అయ్యానే డైరెక్టర్ని. నేను తీసిన వాటిల్లో తొంభై చెంపదెబ్బలున్నాయి. చూసినవాళ్లు ఇళ్లలో అమ్మో అని చెంపలు పట్టుకున్నారు. ఒక్కటంటే ఒక్కటి ఎవరికీ తగల్లేదు."

అమ్మాయి అనుమానంగా వదిన వైపు చూసింది. "ఇదీ కోతేనా?"

"కోతే" అంది వదిన. "తొంభై నాలుగు."

అప్పుడే అసిస్టెంట్ డైరెక్టర్ తలుపు కొట్టి తల లోపల పెట్టాడు. "షాట్ రెడీ. చిన్నకోడలు గారూ, రండి."

"చెయ్యి తగలకుండా తీస్తే వస్తాను" అంది అమ్మాయి ఒక్క గుక్కలో.

"ఏంటమ్మా?"

"నన్ను కొట్టకుండా తీస్తే వస్తానని డైరెక్టర్ గారికి చెప్పండి."

"ఇప్పుడిదేం పేచీ తల్లీ? సార్‌కి తెలిస్తే వేరే చిన్నకోడల్ని తెచ్చుకుంటారు!"

"తెచ్చుకోండి" అంది పిన్ని, విగ్గు పెట్టెలో పెట్టి మూత వేస్తూ. "ఆ కొత్తావిడ జడ మీ సార్‌నే వెయ్యమను."

వదిన సీన్ కాగితాలు మడిచి, వాటిని స్టూలు మీద పెట్టి, వాటిమీద తను కూర్చుంది. "డైలాగులు ఇక్కడున్నాయని చెప్పు" అంది. ఆ సీరియల్లో ఒక్క నటుడికి కూడా ఒక్క డైలాగూ నోటికి రాదని ఆ అసిస్టెంట్‌కి తెలుసు. తల వెనక్కి తీసుకున్నాడు.

రెండు గంటలు లైట్లు ఊరికే వెలిగాయి. డైరెక్టర్ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి అరిచాడు. చానల్‌కి ఫోన్ చేస్తానన్నాడు, చేశాడు కూడా. ఎపిసోడ్ రేపటికి కావాలి, ఏదో ఒకలా కానివ్వు అన్నారు వాళ్లు. "అయితే మీరే తీసుకోండి మీ ఫీలు లేని సీను" అని కుర్చీ తన్ని కారెక్కి వెళ్లిపోయాడు.

కుర్చీ నాలుగు కాళ్లమీద నడిచి రాలేదు. గ్లిజరినక్కే వంగి ఎత్తుకుని, దుమ్ము దులిపి కూర్చుంది. మోకాలు పట్టేసి ఒకసారి "అబ్బా" అంది. కెమెరాని భర్త వేషం వేసేవాడి భుజం వెనకకి జరిపించింది. రెండు టేకుల్లో అయిపోయింది. రెండో టేకులో కాఫీలు తెచ్చినతను అదిరిపడి "అయ్యో" అన్నాడు.

"తొంభై అయిదు" అంది వదిన.

మరుసటి వారం చానల్ కథ మార్పించింది. గ్లిజరినక్క వేసే బామ్మని మెట్ల మీంచి పడేసి చంపారు. ఆ పడే షాట్ కూడా గ్లిజరినక్కే పక్కన నిలబడి తీసింది, తన బదులు పడే డూప్ ఒంటికి గీత పడకుండా.