మన్నాన్ భాయ్ రాసిన కోతల పేజీ

రాసేవాళ్ళకు హాయిగా ఉండే వెబ్ పేజీ, వాడేవాళ్ళకు కూడా హాయిగా ఉంటుందా? పదిహేనేళ్ళుగా ఈ ప్రశ్న నా వెంట తిరుగుతోంది. సంతాప సభలో అడగాల్సిన ప్రశ్న కాదని నాకూ తెలుసు. కానీ దీని గురించి నాతో రోజూ వాదించే మనిషి ఒక్కరే ఉండేవారు. పన్నెండు రోజుల కింద ఆయన గుండె ఆగిపోయింది.

హజీరా భాభీ, గౌడవెల్లి పెద్దలారా, రావల్కోల్ నుంచీ శామీర్‌పేట నుంచీ పనులు వదులుకొని వచ్చిన అన్నలారా, అక్కలారా, మిషన్లు నడిపే తమ్ముళ్ళారా! మీ అందరినీ ఇట్లా ఒక్కచోట చూస్తే మన్నాన్ భాయ్ ఏమనేవారో నాకు తెలుసు. "గింతమంది ఒక్కపారే వస్తే మన సర్వర్ పండుకుంటది" అనేవారు. నవ్వండి, ఫర్వాలేదు. ఏడిపించే మాటలు వద్దని భాభీయే నాతో చెప్పారు.

నా పేరు యమున. మేడ్చల్‌లో ఆయన జిరాక్స్ షాపు మీది గదిలో కూర్చుని, వరికోత మిషన్లు బుక్ చేసుకునే వెబ్‌సైటును ఎనిమిదేళ్ళు ఆయనతో కలిసి నడిపాను. ఆయన ఊరోళ్ళకు ఆన్‌లైన్ ఫారాలు నింపి పెడుతూ, అసలు ఈ ఫారాలు ఎట్లా తయారవుతాయో తనంతట తనే నేర్చుకున్న మనిషి. నేను యూనివర్సిటీలో చదువుకుని వచ్చినదాన్ని. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ తెలుసంటారా? మీరే చెప్పండి.

మా మొదటి పేజీ మీకు గుర్తుందా? బటన్ ఒత్తగానే స్క్రీన్ మొత్తం తెల్లబడిపోయేది. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం. లోపల ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. గండయ్య కాకా, మీరు ముందు వరసలోనే ఉన్నారు, చెప్పనా? ఆ వానాకాలం కోతలప్పుడు రావల్కోల్‌లో కాకా ఎకరన్నరకు మిషన్ కావాలని బటన్ ఒత్తారు. స్క్రీన్ తెల్లబడింది. మళ్ళీ ఒత్తారు. మళ్ళీ తెల్లబడింది. ఇంకోసారి ఒత్తారు. తెల్లారి ఎనిమిదింటికి ఎకరన్నర పొలం ముందు మూడు కోత మిషన్లు వచ్చి నిలబడ్డాయి! పెళ్ళి ఊరేగింపు అనుకుని పిల్లలు బయటికొచ్చారట.

డ్రైవర్లు మా మీద లేచారు. నేను కాకా మీద లేచాను. మూడుసార్లు ఎందుకు ఒత్తారని అడిగితే కాకా ఏమన్నారో తెలుసా? "ఇనవడలేదేమో అనుకున్న బిడ్డా. మనిషిని పిలిస్తే పలకకపోతే మల్ల పిలువమా?"

మన్నాన్ భాయ్ మాత్రం గట్టు మీద కూర్చుని ముగ్గురు డ్రైవర్లకూ చాయ్ పోయించారు. రెండు మిషన్లను పక్క పొలాలకు మళ్ళించారు. ఆ పక్కవాళ్ళు మస్తు ఖుషీ, నాలుగు రోజుల తర్వాత రావాల్సిన మిషన్ ఇవాళే వచ్చింది కదా! తిరుగు దారిలో బండి మీద ఆయన అన్నది ఒక్కటే మాట: "యమునమ్మా, తప్పు గండయ్యది కాదు. ఆయన పిలిచిండు. మనమే పలకలే."

ఆ మాట విన్నాకే పాత పేజీలు పక్కన పెట్టి కొత్త ఫ్రేమ్‌వర్క్ మీద మొత్తం మళ్ళీ రాద్దామని నేను అడిగాను. ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటో ఆయన మీలో చాలామందికి చెప్పే ఉంటారు. "ఇల్లు కట్టేటోళ్ళ సెంట్రింగ్ సామాన్ లెక్క. ఇంటింటికి కొత్తగ చెక్కలు కోస్తరా? ఉన్నది తెచ్చి బిగిస్తరు, స్లాబ్ పోస్తరు." యాభయ్యారేళ్ళ వయసులో నోటుబుక్కు కొనుక్కుని నా ముందు విద్యార్థిలా కూర్చున్నారు. తను చేతితో రాసిన నలభై పేజీలు పక్కన పడేయడానికి ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

ఆ నలభై పేజీల్లోనూ ఊర్ల పేర్ల జాబితా విడివిడిగా ఉండేది. ఒక కొత్త ఊరు చేర్చాలంటే నలభై చోట్ల చేర్చాలి. ఒక్కచోట మరిచిపోయినందుకు ఒక పంట కారు మొత్తం గుండ్లపోచంపల్లి వాళ్ళు తమ ఊరు కనబడక పక్క ఊరి పేరు మీద బుక్ చేసుకున్నారు. కొత్త పద్ధతిలో ఆ జాబితా ఒక్కటే ముక్క. ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. తప్పు చేస్తే ఏ ఫైల్లో, ఏ వరసలో చేశామో అదే వేలు పెట్టి చూపిస్తుంది. సేవ్ చేసిన మరుక్షణం మార్పు కళ్ళ ముందుంటుంది. ఇది చూసి ఆయనకు ఎంత సంబరమంటే, ఒక పూటంతా బటన్ రంగు మారుస్తూ కూర్చున్నారు. చిలకపచ్చ, వంకాయ రంగు, పసుపు. "సూడు సూడు, చెయ్యి తియ్యకముందే మారిపాయె!" పని ఆగిపోయిందని నేను కసురుకున్నాను. ఇప్పుడు ఆ పూట మళ్ళీ వస్తే కసురుకుంటానా?

మరి వాడేవాళ్ళ సంగతి? అక్కడే నేను బోల్తా పడ్డాను. కొత్త పేజీ నా ఫోన్లో రయ్యిమని తెరుచుకుంది. సత్తమ్మ ఫోన్లో మాత్రం చక్రం తిరుగుతూ ఉండిపోయింది. సత్తమ్మది శామీర్‌పేట చెరువు కింద రెండెకరాలు, చేతిలో తొమ్మిదేళ్ళ నాటి ఫోను. "గీ చక్రం తిరుగుడేనా, పనేమన్న అయితదా?" అని షాపు ముందు అందరూ వినేట్టు అడిగింది. తప్పు ఫ్రేమ్‌వర్క్‌ది కాదు. ఒక్క అక్షరం చూపించకముందే ప్రోగ్రాం మొత్తాన్నీ ఆమె ఫోన్లోకి దించాలని చూసింది నేను.

మన్నాన్ భాయ్ ఏం చేశారంటే, తన మంచి ఫోను సత్తమ్మకిచ్చి, ఆమె ఫోను జేబులో వేసుకున్నారు. వారం రోజులు. "దీంట్ల తెరిస్తేనే తెరిసినట్టు" అన్నారు. అప్పుడు పేజీని మా సర్వర్ మీదే వండి, చదువుకోవడానికి సిద్ధంగా పంపడం మొదలుపెట్టాం. బటన్‌కు కావలసినంత ప్రోగ్రాం మాత్రమే వెనకాల వెళ్తుంది. గౌడవెల్లి గేటు దగ్గర సిగ్నల్ ఒక్క గీత ఉన్నప్పుడు ఆ ఫోన్లో మూడు సెకన్లలో తెరుచుకుంది. ఒత్తగానే బటన్ పలికింది. సిగ్నల్ లేకపోతే బుకింగ్ ఫోన్లోనే ఆగి, సిగ్నల్ రాగానే దానంతటదే వెళ్ళింది.

అక్కడ రాయాల్సిన వాక్యం మీద మళ్ళీ గొడవ. "మీ అభ్యర్థన నమోదు చేయబడినది" అని నేను రాశాను. ఆయన చదివి, "గిట్ల మాట్లాడెటోడు మన ఊర్ల ఎవడున్నడు?" అని కొట్టేశారు. మీ ఫోన్లలో ఇప్పుడు కనబడేది ఆయన రాసిందే: "మీ మాట నా దగ్గరుంది. సిగ్నల్ రాంగనే పంపుత."

ఆ తర్వాత మూడేళ్ళలో ఒక్క పొలానికి కూడా రెండు మిషన్లు పోలేదు. ఎవరూ గట్టు మీద లేక మిషన్ ఖాళీగా తిరిగి రాలేదు. కాలేజీలు పిలిస్తే వెళ్ళి, ఇదంతా కొత్త ఫ్రేమ్‌వర్క్ చలువేనని లెక్కలతో సహా చెప్పి వచ్చాను.

మొన్న హజీరా భాభీ ఇంట్లో కూర్చున్నప్పుడు ఆవిడ మామూలుగా ఒక మాటన్నారు. తెల్లవారుజామున ఫజర్ నమాజ్ అయ్యాక ఆయన రోజూ వాకిట్లో తిరుగుతూ, మర్నాడు కోత ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసేవారట. "రేపు మిషన్ వస్తాంది, గట్టు కాడ ఉండు" అని. మూడేళ్ళూ. పది మందైనా, పాతిక మందైనా.

నాకెప్పుడూ చెప్పలేదు. నా పేజీ మీద నమ్మకం లేకనా? నేను నొచ్చుకుంటాననా? లేక మీతో మాట్లాడటం ఇష్టమై చేశారా? ఎవరిని అడగాలి?

యాసంగి కోతలు ఇంకో మూడు వారాల్లో మొదలవుతాయి. మాతో పనిచేసే నౌరీన్, పేజీ చాలు మేడం, గుర్తుచేసే మెసేజ్ ఒకటి పెడదాం అంటోంది. ఇంజనీరుగా ఆమె అన్నది సరైనదే. గండయ్య కాకాను అడిగితే, "పేజీ మంచిగనే ఉంది బిడ్డా. కానీ భాయ్ ఫోనొస్తేనే నేను సద్ది కట్టిచ్చుకుంట" అన్నారు. ఆయన అన్నదీ సరైనదే. పనిచేసింది పేజీయా, ఫోనా? తెలియాలంటే ఒక పంట కారంతా ఫోన్లు ఆపి చూడాలి. ఆపిన రోజు ఎవరో ఒకరు గట్టు మీద లేకపోతే మిషన్ పక్క ఊరికి వెళ్ళిపోతుంది. సాయంత్రానికి రాళ్ళవాన పడితే? నా ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, ఒకరి వడ్లు రాలిపోతాయి.

ఫోన్లు చెయ్యాలా, పేజీని నమ్మాలా? మిత్రులారా, నాకింకా తేలలేదు. తేలినట్టు ఇక్కడ నిలబడి అబద్ధం చెప్పలేను.

ఇప్పుడు అందరం లేచి, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా నిలబడదాం. ఫోన్లు ఆపనక్కర్లేదు. ఎవరిదైనా మోగితే బయటికి వెళ్ళి ఎత్తండి, కోత బుకింగేమో.