మిరుమిట్ల వెనక గెలాక్సీ

అక్కాచెల్లెళ్లిద్దరూ ఖగోళ శాస్త్రవేత్తలే. ఆ మధ్యాహ్నం అక్క ఆఫీసు గదిలోకి వచ్చిన చెల్లెలు తలుపు దగ్గరకు వేసింది.

"అయితే ఆ పరిశోధన పేపర్ అచ్చు కాకుండా ఆపింది నువ్వేనా?"

"మెల్లగా అనవే! పరిశీలించిందెవరో బయటికి పొక్కకూడదు. నువ్వు కాబట్టి చెప్పా."

"రాసినవాళ్ల పేర్లు కూడా దాచే పంపుతారుగా. ఎవరిదో నీకెలా తెలిసింది?"

"ఎవరిదేంటి, మీ మాష్టారిదే. ఆ కొలతలు మీ ల్యాబులో తప్ప ఇంకెక్కడున్నాయి?"

"సరే... ఇంతకీ తప్పేముంది అందులో?"

"కాఫీ తాగుతావా?"

"తప్పేముందక్కా?"

"ఏం లేదు."

"ఏం లేదా?"

"ఒక్క అక్షరం కూడా. విశ్వం పుట్టి వంద కోట్ల ఏళ్లన్నా కాలేదు. అప్పటికే సూర్యుడికి వంద కోట్ల రెట్లు బరువున్న బ్లాక్‌హోల్. దాని చుట్టూ కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు. ఫొటోలోంచి ఆ వెలుగు తీసేస్తే వెనక గెలాక్సీ కనిపిస్తుందనీ, ఒకే గ్యాసు తిని రెండూ కలిసే పెరిగాయనీ రాశాడు. నేనూ మూడుసార్లు తీసి చూశా. నిక్షేపంలా ఉంది గెలాక్సీ."

"మరి నువ్వేమని రాశావ్?"

"అది గెలాక్సీ కాదు, సరిగ్గా తీయని వెలుగు తాలూకు మిగులు, అని."

"అబద్ధం రాశావా!"

"రాశా. ఆ వెలుగు తీసే పద్ధతి పదకొండేళ్ల కిందట ఆయన దగ్గర పనిచేస్తూ కనిపెట్టింది నేను. తీరా అచ్చులో చూస్తే నా పేరు లేదు. అడిగితే, 'లెక్కలు చేసిపెట్టావంతేగా అమ్మాయ్' అన్నాడు. అంతేగా అట! నా ఉసురు ఊరికే పోతుందా?"

"ఆ పేపర్ మీద ఎవరి బతుకైనా ఆధారపడి ఉంటే?"

"ఆయన బతుక్కేమే, పదవులున్నాయి, పతకాలున్నాయి. ఈపాటికి పేపర్ వెయ్యమన్న ఉత్తరం అంది ఉంటుంది. మొహం మాడిందా? చూశావా? చెప్పు, చెప్పు!"

"ఉత్తరం ఆయనకు రాలేదు."

"మరెవరికొచ్చింది?"

"నాకు."

"నీకా? నీ పేరు... నీ పేరు కూడా ఉందా అందులో? రెండోదా?"

"నాదొక్కటే ఉంది. నేను చేసిన పనిలో వేలైనా పెట్టకుండా మొదటి పేరు తనదే వెయ్యమన్నాడు. నీకు చేసింది గుర్తొచ్చి, నీ పగ తీరాలని, ఆయన పేరు కొట్టేసి పంపానక్కా."