ఊ కొట్టే మోటబావి

జీడిమామిడి తోట దాటి పడమటికి వెళ్తే పాత మోటబావి ఒకటుంది చూశారూ, చూసే ఉంటారు, చూసి కూడా చూడనట్టు పక్కనుంచి వచ్చేసి ఉంటారు, ఊళ్ళో అందరూ చేసే పనే అది. మేకల్ని మేపేవాళ్ళు కూడా మేక అటుపోతే ఇవతల నుంచి కేకలేస్తారు గానీ వెళ్ళి తోలుకురారు. ఎందుకురా అంటే ఒక్కడూ సరిగ్గా చెప్పడు. ఒకడేమో మోట తోలే ముసలాయన ఎడ్లతో సహా అందులో పడ్డాడంటాడు, ఇంకొకడు ఎడ్లు పడ్డాయి గానీ ముసలాయన పడలేదంటాడు, మరొకడు అసలు ముసలాయనే లేడు, అది ఎవరో ఆడమనిషి అంటాడు. మన ఊళ్ళో బతికున్నవాళ్ళ సంగతే ఎవరికీ సరిగ్గా తెలీదు, ఇక చచ్చినవాళ్ళ సంగతేం తెలుస్తుంది? నేను చెప్పేది మాత్రం నమ్మండి. అది జరిగిననాడు నేనక్కడే ఉన్నాను. ఎక్కడంటారా, మా అమ్మ కడుపులో. నవ్వకండర్రా, నవ్వితే చెప్పను.

ఇంకో మాట. ఊ కొట్టాలి. ఊ కొట్టే మనిషి లేకపోతే కథ చెప్పడం గోడకి సున్నం కొట్టడమే. ఒరే బుల్లోడా, నువ్వు కొట్టు, నిద్రపోయావంటే వీపు మోగుతుంది.

మా అమ్మ నా పురిటికని పుట్టింటికి, అంటే ఈ ఊరికే, ఈ ఇంటికే వచ్చింది. మా అక్క సీతారత్నాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది, దానికప్పుడు ఐదు నిండి ఆరో ఏడు. ఇంట్లో మా అమ్మమ్మ అచ్చియ్యమ్మ, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు దొరబాబు మామయ్య, అంతే మనుషులు. కానీ సీతారత్నం వచ్చాక ఇల్లు నిండిపోయిందంట. ఎలాగంటే, రోలేమో రాజుగారు, రోకలి మంత్రిగారు, వాకిట్లో పరిచిన చాప సముద్రం. పాపం అమ్మమ్మ చేట పుచ్చుకుని చాప మీద కాలు పెడితే చాలు, మునిగిపోయావ్ మునిగిపోయావ్ అని అది గొల్లుమనేది. ఈ పిల్లేంట్రా బాబూ, ఇంట్లో కాలు పెట్టడానికి జాగా లేకుండా చేస్తోంది అని అమ్మమ్మ విసుక్కుంటూనే సముద్రం చుట్టూ తిరిగి వెళ్ళేది. ఏం చేస్తుంది మరి, మనవరాలాయె.

చీకటి పడేసరికి కథ చెప్పమని కొంగు పట్టుకునేది. అమ్మమ్మ పొద్దస్తమానం చేలో కలుపు తీసొచ్చిన మనిషి. నడుం వాల్చి అనగనగా అని మొదలుపెట్టేది, ఓ రాజు, రాజుకి ముగ్గురు కూతుళ్ళు, పెద్దదానికి పెళ్ళి చేసేది, రెండోదానికి పెళ్ళి చేసేది, మూడోదాని పెళ్ళికి వచ్చేసరికి గుర్రుపెట్టేది. ఆవిడ నిద్రపోకపోతే పిల్ల నిద్రపోయేది. మొత్తానికి ఆ ఇంట్లో ఒక్క కథ కూడా కంచిదాకా వెళ్ళిన పాపాన పోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

ఇక ఆ రోజు. మధ్యాహ్నం అన్నాలవేళకి అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. అమ్మమ్మ గడపకి వేపరొట్ట కట్టి, గుమ్మం పక్కన పాత ఇనుప కొడవలి పెట్టింది, పురిటింట్లోకి రాకూడనివి రాకుండా మనవాళ్ళు కడతారు కదా, అలాగ. కట్టి, కొడుకుని పిలిచి, వెంటనే బండి కట్టుకెళ్ళి గొల్లగూడెం మంత్రసాని కోటమ్మని తీసుకురారా అంది. గొల్లగూడెం ఎంత, కోసెడు. మామయ్య వెళ్ళి రావడానికి జాము సేపు చాలు. ఆ దారి కూడా ఎలాంటిదంటే, రెండు గట్ల మధ్య బండి బాట, తప్పుదామన్నా తప్పడానికి చోటుండదు. మామయ్య ఎడ్లని అదిలించుకుని వెళ్ళాడు.

అప్పుడొచ్చింది సీతారత్నం, అమ్మమ్మా కథ చెప్పూ అంటూ. ఇక్కడ నీళ్ళు కాగుతున్నాయి, అక్కడ కూతురు మూలుగుతోంది, కథ కావాల్సొచ్చిందా? పగటిపూట కథలు చెబితే మేనమామ దారి తప్పుతాడే, పో, బయటికెళ్ళి ఆడుకో పో అని కసిరింది. ఆ మాట ఆవిడ కొత్తగా పుట్టించిందేం కాదు, వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మమ్మ చెప్పింది, పిల్లల పీడ వదిలించుకోవడానికి అందరూ చెప్పేదే. నిజమనుకుని చెప్పిందా, అబద్ధమనుకుని చెప్పిందా అంటే, ఏదీ అనుకోలేదు. పనిలో ఉన్న మనిషి ఏమనుకుంటుంది?

పిల్ల బయటికెళ్ళింది. మరి దాని బుర్ర చూడండి. ఎవరికైనా చెబితే కదా మామయ్య దారి తప్పేది, ఎవరూ లేనిచోట చెప్పుకుంటే ఏమవుతుంది అనుకుంది. ఎవరూ లేనిచోటు ఎక్కడుంది? మోటబావి దగ్గరుంది. ఊళ్ళో పెద్దవాళ్ళంతా ఎవరూ వెళ్ళరు ఎవరూ వెళ్ళరు అని దానికి చెప్పిందీ అదే కదా. చక్కగా వెళ్ళింది.

పొద్దు వాలింది. బండి రాలేదు. అమ్మమ్మ ఓ చెయ్యి కూతురి నడుం మీద, ఓ కన్ను వీధిలో. పక్కింటి వీరమ్మ వచ్చి కూర్చుంది, వాళ్ళాయన్ని గొల్లగూడెం పంపించారు. ఆయన గబగబా వెళ్ళి గబగబా వచ్చి చెప్పిందేంటంటే, కోటమ్మని ఎక్కించుకుని మామయ్య ఎప్పుడో బయల్దేరాడంట. మరి దార్లో కనబడలేదా అంటే లేదు. ఎడ్లు? లేవు. బండి చక్రాల జాడ సగం దాకా ఉందంట, ఆ తర్వాత లేదంట. ఆ సగం తర్వాత ఏమైంది? ఆయనేం చెప్తాడు.

అమ్మమ్మ మంచానికీ గుమ్మానికీ మధ్య తిరుగుతోంది. అటు కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందో ఏమో తెలీదు, ఇటు కొడుకేమయ్యాడో తెలీదు. అప్పుడు సీతారత్నం గుమ్మంలో నిలబడి, ఏడుపు ఆపుకుంటూ, అమ్మమ్మా నేను పగలు కథ చెప్పాను అంది.

ఎవరికి చెప్పావే అంటే, బావికి అంది. బావికి చెబితే ఏమవుతుంది తల్లీ అని అమ్మమ్మ అనబోయింది. అప్పుడా పిల్ల, బావి ఊ కొట్టింది అమ్మమ్మా, అందుకని చెబుతూనే ఉన్నాను, అంతలో తోట ఇవతల నుంచి వీరమ్మత్త అన్నానికి కేకేసింది, మామయ్యని చీలిక దగ్గర వదిలేసి వచ్చేశాను అంది.

ఏ చీలిక? మా దారికి చీలికే లేదు కదా! అమ్మమ్మకి ఏం పాలుపోలేదు. కూతురి దగ్గర కూర్చోవాలా, ఓ పసిపిల్ల మాట పట్టుకుని దెయ్యాల బావికి పరిగెత్తాలా? ఊళ్ళోవాళ్ళు చూస్తే అచ్చియ్యమ్మకి మతిపోయిందనుకోరూ? అనుకుంటే అనుకోనీ అనుకుంది. కూతుర్ని వీరమ్మకి అప్పజెప్పి, మనవరాలిని చంకనేసుకుని, జీడిమామిడి తోటకి అడ్డంపడి వెళ్ళింది.

పొద్దు తాటిచెట్ల మొవ్వుల్లో ఉంది. బావి ఒర పక్కన దుమ్ములో పిల్ల వేలితో గీసిన దారి, దారి మీద తాటాకు బండి, బండికి ఎడ్లుగా రెండు తాటి టెంకలు, బండిలో ఓ పుల్ల, అది మామయ్య. దారి కొంత దూరం వెళ్ళి రెండుగా చీలింది. బండి సరిగ్గా ఆ చీలిక మీదుంది. చెప్పవే అంది అమ్మమ్మ. ఎక్కడాపావో అక్కణ్ణించి చెప్పు, మామయ్యని ఇంటికి తీసుకొచ్చెయ్యి.

అనగనగా మా మామయ్య బండి కట్టాడు అంది పిల్ల. ఊ అంది బావి.

అమ్మమ్మ పావురమనుకుంది. పాడుబావుల్లో పావురాలుంటాయి కదా. బండి చాలా దూరం వచ్చింది అంది పిల్ల. ఊ. పావురం కాదు. ఎవరదీ అని అమ్మమ్మ గట్టిగా అడిగితే జవాబు లేదు, తన గొంతు తిరిగి మోగనైనా లేదు. బావిలోకి అరిస్తే మోగాలా వద్దా? మోగలేదు.

తర్వాతేమైందో చెప్పమంటే సీతారత్నం బిక్కమొహం వేసింది. తర్వాత ఏమవుతుందో నాకు తెలీదమ్మమ్మా, నువ్వెప్పుడూ చెప్పలేదుగా అంది. నిజమే కదా, ఒక్కనాడైనా చివరిదాకా చెప్పలేదు. సరే నేను చెప్తాననుకుని మొదలుపెట్టింది అమ్మమ్మ, మూడు కథలు కలగలిసిపోయాయి, రాజు కూతురు బండెక్కింది, మంత్రసాని గుర్రమెక్కింది. చివరికి, ఏదైతేనేం, దొరబాబు ఇంటికొచ్చేశాడు, కథ కంచికెళ్ళింది అనేసింది. బావి ఊ కొట్టలేదు. అలా కాదమ్మమ్మా, తాతకి నచ్చలేదు అంది పిల్ల.

ఏ తాత?

ఊ కొట్టే తాత. చీలిక దగ్గర కూర్చున్నాడు. చాలా రోజుల్నుంచి అక్కడే కూర్చున్నాడు. ఆయన్ని ఎక్కించుకోకపోతే బండి కదలదు.

ఎక్కడికెళ్తాడంట?

ఇంటికి.

ఎవరింటికే?

మనింటికే. ఆయనకి వేరే ఇల్లు లేదు కదమ్మమ్మా అంది పిల్ల, అంత తెలీదా నీకు అన్నట్టు.

చూశారా ఆవిడ పరిస్థితి. పొద్దున్న లేచి దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషి, అలాంటివి రాకూడదని గడపకి వేపరొట్ట కట్టుకొచ్చిన మనిషి, ఇప్పుడు తన నోటితో తను పురిటింటికి పిలవాలా? పిలవకపోతే కోటమ్మ రాదు, కొడుకు రాడు, అక్కడ కూతురి ప్రాణం. పిలిస్తే వచ్చేదెవరో? ఆవిడకి ఏడుపొచ్చింది. కాసేపు ఏడిచింది కూడా. ఆ తర్వాత ముక్కు చీది, ఎక్కించవే తల్లీ అంది.

పిల్ల ఓ చిన్న బెడ్డ తీసి పుల్ల పక్కన పెట్టింది. మామయ్య తాతని ఎక్కించుకున్నాడు, తాత ఊరంతా చూసుకుంటూ వచ్చాడు, ఇల్లొచ్చింది, తాతకి అన్నం పెట్టారు, కథ కంచికెళ్ళింది అంది. ఊ అంది బావి. అంత దగ్గరగా ఎప్పుడూ వినబడలేదంట, చెవి పక్కన అన్నట్టుందంట. వెంటనే బాట మీద ఎడ్ల గంటలు వినబడ్డాయి.

పిల్లని ఎత్తుకుని అమ్మమ్మ ఇంటికి పరిగెత్తేసరికి బండి వాకిట్లోకొచ్చింది, మామయ్య కిందకి దూకాడు. అమ్మా, మన దారికి చీలికెప్పుడొచ్చిందే అన్నాడు. అక్కడో ముసలాయన కూర్చున్నాడంట, ఎటెళ్ళాలి తాతా అని అడిగితే, నాకూ తెలీదు బాబూ, పిల్ల ఇంకా చెప్పలేదు అన్నాడంట. కోటమ్మేమో, ఏ ముసలాయనా లేడమ్మా, నీ కొడుకు ఉత్త గాలితో మాట్లాడుతూ కూర్చున్నాడు, కానీ చివర్లో బండి ఒక్కసారి కుంగింది అంది. ఎవరి మాట నమ్మాలి? కోటమ్మ అబద్ధాలాడే మనిషి కాదు, మామయ్యా కాదు.

కోటమ్మ లోపలికెళ్ళింది. కానీ కానుపు కాలేదు. అమ్మ అరిచి అరిచి నీరసపడిపోయింది. వాకిట్లో ఎడ్లు కాడి దింపినా కదలకుండా గుమ్మం వైపే చూస్తున్నాయి. అమ్మమ్మ కాసేపు వాటినే చూసింది. ఆ తర్వాత లేచి, ఎవరితోనూ ఏమీ అనకుండా, తను కట్టిన వేపరొట్ట తనే ఊడదీసింది. కొడవలి తీసి పెరట్లో పారేసింది. ఆ వెంటనే నేను పుట్టాను.

పుట్టాను గానీ ఏడవలేదంట. కోటమ్మ నా కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తింది, పిర్ర మీద చరిచింది, ఊహూఁ. అందరూ ఆశ వదిలేసుకున్నారు. సీతారత్నం వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి దూరి వచ్చి, నా చెవిలో, అనగనగా ఓ రాజు అంది.

ఊ అన్నాను నేను.

ఏమోనర్రా, నాకేం గుర్తులేదు. అమ్మమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ, నాకు అన్నం పెడుతూ పెడుతూ ఆగి నా మొహంలోకి చూసేది, ఇంకాస్త వేసుకో అనేది, ఆ మాట నాతో అన్నదో ఇంకెవరితో అన్నదో నాకు అర్థమయ్యేది కాదు. ముద్దు మాత్రం తక్కువ చెయ్యలేదు. కథలు కూడా, ఎంత నిద్రొచ్చినా, కళ్ళల్లో నీళ్ళు కొట్టుకుని మరీ కంచిదాకా చెప్పేది.

సీతారత్నం ఆ తర్వాత ఎన్నిసార్లో బావి దగ్గరికెళ్ళి కథలు చెప్పొచ్చింది, బావి మళ్ళీ ఊ కొట్టలేదు. మరింకెందుకు తాతా భయం అంటారా? ఆలోచించండి. అందులో ఉన్నవాడు నేనే అయితే నేనిక్కడ మీ ఎదురుగా కూర్చుని ఉన్నాను, బావి ఖాళీ. కాబట్టి మీలో ఎవరైనా అటు వెళ్ళి, నోరు ఊరుకోక ఏదో అన్నప్పుడు లోపల్నుంచి ఊ అని వినబడిందనుకోండి, అది నేను కాదు. ఎవరో నాకూ తెలీదు. అందుకే చెప్తున్నా, అటు వెళ్ళకండి. వెళ్ళినా నోరిప్పకండి. ఇప్పారా, మొదలుపెట్టింది పూర్తిచేసి మరీ రండి, మీ మేనమామలు మంచివాళ్ళు. ఒరే బుల్లోడా, లే, అన్నం తిని పడుకుందువు గానీ.